మా వీధి స్తంభం మీది పెట్టెకు ఏ రంగు

తుడియలూరు దాటి పంపుల వర్క్‌షాపులు మొదలయ్యే చోట ఉంది మా వీధి. ఎందుకో ఏమో, ఆ వీధి మొత్తంలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా దొరికేది మా పెయింట్ కొట్టు మెట్ల దగ్గర మాత్రమే. కొంచెం అటు జరిగితే మాట తెగిపోయేది. అందువల్ల ఎవరింటి సంబంధం ఎందాకా వచ్చిందో, ఎవరి అల్లుడు ఏమన్నాడో, ఎవరికి చక్కెర జబ్బు తగ్గిందో, ఎవరికి పెరిగిందో అన్నీ నాకు తెలిసేవి. నేనెవరినీ అడగలేదు. ప్రైమర్ డబ్బాలు సర్దుకుంటూ వినేదాన్ని, అంతే. కొందరు ఫోన్ పెట్టేశాక నావైపు తిరిగి, "విన్నావు గదా, ఇప్పుడు నువ్వు చెప్పు" అని సలహా కూడా అడిగేవారు.

కొట్టు మా నాయనది. ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఇక్కడే. మా ఇళ్ళలో తెలుగు మాట ఉంది గానీ రాత లేదు. నేను బడిలో చదివింది తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. పెయింట్ డబ్బాల మీద వాడే పద్ధతిని నాలుగైదు లిపుల్లో అచ్చు వేస్తారు. తమిళం పక్కన తెలుగును పెట్టుకుని "బాగా కలపండి", "ఆరిన తరువాత రెండో పూత వేయండి" అని కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. కాబట్టి నేను మొదట చదివిన తెలుగంతా ఒకరు ఇంకొకరికి పని చెప్పడమే. నా రాతలో ఎక్కడైనా పెత్తనం కనిపిస్తే అది ఆ డబ్బాల చలవ.

మా కొట్టుకు పైన వీధి రెండుగా చీలుతుంది. ఆ చీలిక మధ్యలో ఒక దీపస్తంభం. స్తంభానికి ఒక వైపు మా మేనమామ వర్క్‌షాప్, అంటే పంపు మోటార్లు బాగుచేసే చోటు. మరో వైపు ఒక టిఫిన్ కొట్టు. దాన్ని నడిపే ఆమెను వీధంతా టిఫిన్ అక్క అంటాం. మా కింది వీధిలోని క్రైస్తవుల కుటుంబం. ఆమె భర్త మేలూరు నుంచి గ్రానైట్ పలకలు మోసే లారీ నడుపుతాడు, ఇంట్లో ఉన్న రోజులకన్నా దారిలో ఉన్న రోజులే ఎక్కువ.

మామకూ అక్కకూ మాటలు లేవు. కొన్నేళ్ళ కిందట మామ వర్క్‌షాప్‌లో ఇనుము సాన పడుతుంటే లేచిన దుమ్ము అక్క పిండి గిన్నెలో పడిందని ఆమె అంది. దుమ్ము పడేలా గిన్నె తెరిచిపెట్టింది ఎవరని ఈయన అన్నాడు. అంతటితో మాటలు ఆగిపోయాయి. విచిత్రం ఏమిటంటే మామ ఉదయం ఫలహారం మాత్రం ఆమె దోసెలే. వర్క్‌షాప్ మనిషి ఒకడు పోయి పొట్లం తెచ్చేవాడు. ఆ పొట్లం ఎవరికో అక్కకు తెలుసు. అంచులు కరకరలాడేలా కాల్చి, కారం చట్నీ విడిగా కట్టి పంపేది. మామ తిని, "ఏదో ఉండాదిలే" అని చెయ్యి కడుక్కునేవాడు.

ఒక రోజు ఒక అమ్మాయి స్కూటర్ దిగి మా కొట్టు ముందు నిలబడింది. మునిసిపల్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీర్. తమిళం మాట్లాడే పిల్ల, ఎండకు ముఖం కందిపోయి ఉంది. మా వీధికి సిగ్నల్ రావడానికి ఒక కంపెనీ ఆ చీలిక దగ్గరి స్తంభం మీద చిన్న పెట్టె బిగిస్తానని అర్జీ పెట్టుకుందట. ఇలాంటి పెట్టెలను ఎక్కడపడితే అక్కడ తగిలించకుండా ఆఫీసు వాళ్ళు కొన్ని నిబంధనలు పెట్టారట. అందులో ఒకటి, చుట్టుపక్కల వాళ్ళను పిలిచి అడగడం.

"అక్కా, ఈ వీధిలో అందరూ తెలుగే మాట్లాడతారట గదా. నోటీసు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. మీరు కాస్త చదివి చెప్పగలరా?" అని తమిళంలో అడిగింది.

మా వాళ్ళందరికీ తమిళం వచ్చు. చదవగలరు, పోట్లాడగలరు, సినిమాకు పోయి ఏడవగలరు. అయినా ఆ పిల్ల మర్యాదగా అడిగిందని ఒప్పుకున్నాను. ఆ ఆదివారం మా కొట్టు ముందే షామియానా వేసి అందరినీ పిలిచాం.

మామ అందరికన్నా ముందు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. అక్క వెనక వరుసలో, ఆయన వీపు మాత్రమే కనిపించేలా కూర్చుంది. నేను నోటీసు తీసి మా ఇంటి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. పెట్టె లారీకి తగలనంత ఎత్తులో ఉండాలి. ఏ ఇంటి కిటికీకీ అడ్డం రాకూడదు. దాని మీద వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. రంగు వేస్తే లోహం కలిసిన పెయింట్ వాడకూడదు. సరిగ్గా ఈ మాట దగ్గర మామకు ఫోన్ వచ్చింది. కారమడై నుంచి ఎవరో రైతు, మోటారు కాలిపోయిందని. మామ లేచి నా మెట్ల మీద నిలబడి, "తీసుకొచ్చేయి, చూస్తాము" అని వీధంతా వినబడేలా అరుస్తున్నాడు. నేను చదువుకుంటూ పోయాను.

తరువాత ఇంజనీర్ అమ్మాయి, "ఎవరికైనా సందేహాలుంటే అడగండి" అంది.

మామ వచ్చి కూర్చుంటూనే, "ఆ పెట్టి పెట్టినాక నా టెస్టింగ్ మీటరు తప్పు చూపిస్తే ఎవురు జవాబు?" అన్నాడు.

చూపించదని ఆమె చెప్పింది. ఒకవేళ చూపిస్తే తననే పిలవమని నంబర్ రాసిచ్చింది.

వెనక నుంచి అక్క నిదానంగా లేచింది. "అమ్మణీ, నాకు ఒకటే సందేహం ఉండాది. అందులోనుంచి వచ్చే కరెంటుకు నా దోసె పిండి సీక్రం పులిసిపోతాదా?"

కొందరు నవ్వారు. ఇంజనీర్ నవ్వలేదు. పిండి వేడికి పులుస్తుందని, పెట్టె నుంచి వచ్చే తరంగాలకు ప్రభుత్వం ఒక హద్దు పెట్టిందని, కొలిచి చూపించాకే పెట్టెను నడపనిస్తామని ఓపిగ్గా చెప్పింది. "మీ పిండి గిన్నె దగ్గర కూడా కొలిచి చూపిస్తానక్కా" అంది. అక్క సంతోషించి కూర్చుంది. అలా ఏ గొడవా లేకుండా పెట్టెకు ఊరందరూ ఒప్పుకున్నారు. షామియానా విప్పేయొచ్చు అనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల, "ఇంకొక్కటి. పెట్టెకు ఏ రంగు వేయమంటారు?" అంది.

నేను పెయింట్ అమ్మేదాన్ని కాబట్టి ఆ ప్రశ్న ఎంత ప్రమాదమో నాకు తెలుసు. మా వైపు రంగులన్నిటికీ సొంతదారులున్నారు. ఎన్నికల ముందు నా దగ్గర ఎవరు ఏ డబ్బా కొంటారో చూస్తే చాలు. ఎరుపంటే ఒకరు మొహం తిప్పుకున్నారు. పచ్చ అంటే ఇంకొకరు. కాషాయం అన్నవాడిని పక్కనున్నవాళ్ళు కూర్చోబెట్టేశారు. నీలం అనగానే ఏ నీలం అని ప్రశ్న వచ్చింది. పసుపు ఆటో స్టాండు వాళ్ళదన్నారు. తెలుపు మా వీధి దుమ్ముకు వారం ఆగదు.

"కంపెనీ నుంచి బూడిద రంగులో వస్తుంది. అట్లాగే వదిలేయమంటారా?" అంది ఇంజనీర్.

"పొద్దున లేచి గేటు తీస్తే బూడిదనా చూడాల్సింది?" అన్నాడు మామ.

ఆమె నోటీసు తీసి వేలుపెట్టి చూపించింది. పెట్టె వెనక ఏది కనిపిస్తుందో దానిలో కలిసిపోయే రంగు ఉండాలని రాసి ఉంది. నేను దాన్ని, "కండ్లకు అడ్డం రాని రంగు" అని మా మాటలోకి తిప్పాను. అందరం లేచి స్తంభం దగ్గరికి నడిచాం. మామ వర్క్‌షాప్ వైపు నిలబడి చూస్తే స్తంభం వెనక కనిపించేది అక్క టిఫిన్ కొట్టు గోడ. మంచి గులాబి రంగు, నేనే అమ్మాను. అక్క వైపు నిలబడి చూస్తే వెనక కనిపించేది మామ గేటు. మెరిసే నీలం. మామ తన పంపులకు ఏది కొడతాడో గేటుకూ అదే కొడతాడు.

"పెట్టెకు రెండు ముఖాలు గదా. ఇటు గులాబి, అటు నీలం వేస్తే సరిపోతుంది" అన్నాను నేను.

మామకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అంటే నా కంటికి ఎదురుగా ఉండేది ఆ గులాబినా?"

"ఇప్పుడు కూడా నీ ఎదురుగా ఉండేది ఆ గోడే గదా మామా."

"గోడ వేరే, పెట్టి వేరే."

అక్క ఎవరితోనూ కాకుండా గాలితో అన్నట్టు, "నేను ఆ నీలాన్ని చూసేకి సిద్ధమే" అంది. ఆ మాటతో మామ వెనక్కి తగ్గలేకపోయాడు. "సరి, నీలం వైపు మాత్రం నేనే కొట్టిస్తాను. కొట్టు పెయింట్ వద్దు, ఎండకు ఆగదు" అన్నాడు, నా మొహం మీదనే. మామ కాబట్టి ఊరుకున్నాను.

అలా పెట్టె బిగించే ముందు వర్క్‌షాప్‌కే వచ్చింది. గులాబి వైపు నా మనిషి వేశాడు. నీలం వైపు మామ దగ్గరుండి తన పంపుల పెయింట్ స్ప్రే చేయించాడు. పని అయ్యాక నాకు చూపించాడు. నీడలో పెట్టినా మెరుస్తోంది. "చూడు పాపా, అద్దం మాదిరి ఉండాది" అన్నాడు. అందులో మొహం చూసుకోవచ్చు, నిజమే. నోటీసులోని లోహం మాట నాకూ ఆ క్షణంలో తట్టలేదు. బాగుందనే చెప్పాను.

పెట్టెను నడపడం మొదలుపెట్టిన రోజు మా మెట్లు ఖాళీ అయిపోయాయి. ఎవరి ఇంట్లో వాళ్ళు, మంచం మీద పడుకుని మాట్లాడుకుంటున్నారు. వీధి బాగుపడిందని అందరితోపాటు నేనూ అన్నాను. మధ్యాహ్నం కొట్టులో కూర్చుంటే మాత్రం చెవులకు పని లేక విసుగ్గా ఉండేది.

ఒక్క చోట మాత్రం బాగుపడలేదు. అక్క టిఫిన్ కొట్టులో అంతకుముందు తడబడుతూ అయినా వచ్చే సిగ్నల్ ఇప్పుడు పూర్తిగా పోయింది. ఈ రోజుల్లో దోసె తిని చిల్లర ఇచ్చేవాళ్ళు ఎవరున్నారు. అందరూ ఫోన్ చూపిస్తారు. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. సరిగ్గా వీధి దాటి మామ గేటు దగ్గరికి పోతే మాత్రం టక్కున పడుతుంది. దాంతో తినేవాళ్ళు చేతిలో ప్లేటుతోనే వీధి దాటి, మామ గేటు ముందు నిలబడి డబ్బు పంపి, మళ్ళీ వెనక్కి పోయి చట్నీ వేయించుకోవడం మొదలైంది.

అయినా అక్కకు డబ్బు వచ్చిందో లేదో తెలియాలి గదా. అందరి కొట్లలోనూ ఉన్నట్టే ఆమె దగ్గర కూడా డబ్బు పడగానే గట్టిగా చెప్పే మాట్లాడే డబ్బా ఒకటుంది. అదీ మూగబోయింది. మూడో రోజు ఉదయం ఆమె ఆ డబ్బాను చంకలో పెట్టుకుని వీధి దాటి మామ గేటు లోపలికి నడిచింది. నేను ఉప్పుకాగితం కట్టలు దించుకుంటూ, వాటిని అట్లాగే వదిలేసి చూస్తూ నిలబడ్డాను.

"అన్నా, దీన్ని కొంచెం ఇక్కడ పెట్టుకుంటాను. సిగ్నల్ ఈడనే ఉండాది" అంది. కొన్నేళ్ళ తరువాత ఆయనతో ఆమె అన్న మొదటి మాట అదే.

మామ చేతుల్లో రాగి తీగ చుట్ట ఉంది. కాలితోనే ఒక స్టూల్ జరిపాడు. "దాని మీద పెట్టు" అన్నాడు.

ఇక చూడండి, రోజంతా మామ వర్క్‌షాప్‌లో ఆడగొంతు ఒకటి తమిళంలో ఇంత వచ్చింది, ఇంత వచ్చింది అని ప్రకటిస్తూనే ఉండేది. మోటారు తెచ్చిన రైతులు ఉలిక్కిపడి జేబులు తడుముకునేవారు. ఒకాయన అయితే తాను ఇంకా ఇవ్వకముందే ముట్టిందని ఎట్లా చెబుతోందని మామను నిలదీశాడు. అక్క మధ్యమధ్యలో లెక్క సరిచూసుకోవడానికి వచ్చి గేటు దగ్గర నిలబడేది. నిలబడ్డ మనిషికి సానరాయి కనిపించకుండా ఎట్లా ఉంటుంది. అది సరిగ్గా వీధి వైపే తిరిగి ఉంది.

"అన్నా, దీన్ని ఆ గోడ దిక్కు తిప్పితే దుమ్ము మీ ఇంట్లోనే పడతాది గదా" అంది.

"నా ఇంట్లో ఏమిటికి పడాల?"

"మరి నా పిండిలో ఏమిటికి పడాల?"

వర్క్‌షాప్‌లో అందరూ సుత్తులు ఆపేశారు. ఆ సమయంలోనే స్టూల్ మీది డబ్బా మళ్ళీ ఎవరో డబ్బిచ్చారని చెప్పింది. మామకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసి దగ్గు తెచ్చుకున్నాడు. మరునాటికి సానరాయి గోడ వైపు తిరిగి ఉంది. ఎవరు తిప్పారని అడిగితే, వెలుతురు కోసం తిప్పానన్నాడు. ఆ గోడ దగ్గర కిటికీ కూడా లేదు.

ఇంజనీర్ అమ్మాయికి ఫోన్ చేసింది నేనే. ఆమె కంపెనీ మనిషిని తీసుకుని వచ్చింది. అతను నిచ్చెన ఎక్కి నీలం వైపు గోరుతో గీకి, వేలిని ఎండలో పెట్టి చూపించాడు. వేలు వెండి పూసినట్టు మెరుస్తోంది.

"సార్, ఈ పెయింట్‌లో అల్యూమినియం పొడి ఉందా?" అని అడిగింది ఆమె మామను.

"లేకుండా ఎట్ల? ఎండకు వానకు ఆగాలంటే అది ఉండాల. నా పంపులు బావిలో పదేళ్ళున్నా పెయింట్ పోదు" అన్నాడు మామ, మెచ్చుకోబోతున్నారనుకుని.

తరంగాలు ఆ పొడిని దాటి సరిగ్గా పోలేవని, పెట్టెకు ఆ వైపు ఇనుప తలుపు వేసినట్టయిందని, దగ్గరి పెట్టెనే పట్టుకోబోయి ఫోన్లు పాత సిగ్నల్‌ను కూడా వదిలేస్తున్నాయని ఆమె చెప్పింది. లోహం కలిసిన పెయింట్ వద్దని నోటీసులోనే ఉందని కూడా చెప్పింది. మామ నావైపు తిరిగాడు.

"నువ్వు చదివినావా ఆ మాట?"

"చదివినాను మామా. నువ్వు కారమడై మోటారుతో మాట్లాడుతాండావు."

ఆయన కాసేపు స్తంభాన్ని, తరువాత గేటును, తరువాత తన చెప్పులను చూసుకున్నాడు. "అయితే తీసేసి వేరేది కొట్టండి" అని లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం కొట్టుకు వచ్చాడు. షేడ్ కార్డులో నీలాలన్నీ తిప్పించాడు. కలర్ మెషిన్‌లో కొంచెం కొంచెం కలిపి చూపించాను. ఒకటి ఆకాశం మాదిరి ఉందన్నాడు. ఒకటి బడిపిల్లల యూనిఫాం అన్నాడు. ఒకటి చూసి, "ఇది మన ఎదిరి వీధి పంపులవాడి నీలం" అని డబ్బా మూత తానే వేసేశాడు. మెరవని నీలం ఏదీ ఆయనకు నీలంగా కనిపించలేదు.

"మామా, ఇంక నా దగ్గర నీలాలు లేవు."

ఆయన కౌంటర్ మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నాడు. "ఆ గోడకు వేసింది ఉండాదా?"

"గులాబినా?"

"అదే కొట్టెయ్యి. రెండు దిక్కులా. పనైపోతాది."

పెట్టె రెండు వైపులా గులాబి అయింది. ఇంజనీర్ చూడటానికి వచ్చి ఇబ్బందిలో పడింది. అక్క వైపు నుంచి చూస్తే వెనక నీలం గేటు, ముందు గులాబి పెట్టె. నిబంధన ప్రకారం కలిసిపోవాలి, ఇదేమో అరటిచెట్టుకు మామిడిపండు కాసినట్టుంది. ఆమె వీధిలో అటు నడిచి, ఇటు నడిచి, చివరికి మా కొట్టు మెట్లెక్కి చూసింది. అక్కడినుంచి చూస్తే పెట్టె వెనక అక్క గోడే కనిపిస్తుంది.

"ఎక్కడ నిలబడి చూడాలో రూల్‌లో రాయలేదక్కా" అని, అక్కడే నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. పోయేముందు మాట ఇచ్చినట్టే, కొలిచే పరికరం అక్క పిండి గిన్నె పక్కన పెట్టి చూపించింది. హద్దుకంటే చాలా తక్కువగా ఉందని చెప్తే అక్క ఆమెను రెండు దోసెలు తినకుండా కదలనివ్వలేదు.

సిగ్నల్ వచ్చాక మాట్లాడే డబ్బా తిరిగి టిఫిన్ కొట్టుకు చేరింది. మరునాడు ఉదయం వర్క్‌షాప్ మనిషి పొట్లం కోసం బయలుదేరబోతే మామ, "సుమ్మా ఉండు" అని ఆపాడట. చొక్కా దులుపుకుని తానే వీధి దాటాడు. నేను షట్టర్ ఎత్తుతూ చూశాను. బెంచీ చివర, లేవడానికి వీలుగా కూర్చున్నాడు.

"ఏమన్నా, మీరే వచ్చినారు?" అంది అక్క.

"ఆ డబ్బా గొంతు వినకుంటే వేలే ఓడటం లేదు" అన్నాడు మామ. పని సాగడం లేదని.

అక్క పెనం మీద నీళ్ళు చిలకరించి దోసె వేసింది. ప్లేటు ఆయన ముందు పెట్టాక, పొట్లంలో మెత్తబడకుండా నేరుగా పెనం మీదనుంచి తినడం ఆయనకు అదే మొదటిసారని నాకు తట్టింది. సగం తిన్నాక తల ఎత్తకుండానే, "ఇంకొకటి వెయ్యమ్మా" అన్నాడు.

పోయిన క్రిస్మస్‌కు అక్క కొట్టుకు కొత్తగా రంగు వేయించింది. లేత పచ్చ ఎంచుకుంది. ఆ రంగు పెట్టెతో కలవదని చెప్పాలా వద్దా అని ఆలోచించాను. పండగకు మనిషి ఎంతో ముచ్చటపడి ఎంచుకున్న రంగు. డబ్బా మూత బిగించి, రెండో పూత మొదటిది బాగా ఆరాకే వేయించమని చెప్పి ఇచ్చి పంపాను.